ఎందుకూ లేదు, ఉత్తగనే!

మొన్న ఒకరోజు పొద్దున పదిన్నరకు నల్లగొండ బస్టాండులో బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో ఉండగా కండక్టరు వచ్చి, "యాడికమ్మా?" అన్నాడు. ఎందుకో నిజం చెబుదామనిపించింది.

"ఇంకా ఏమీ అనుకోలేదు నాయనా. ఈ బస్సు ఎక్కడిదాకా పోతుంది?" అన్నాను.

"దేవరకొండ."

"అయితే దేవరకొండకే ఇవ్వు."

ఆ అబ్బాయి నవ్వి, జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టి ముందుకు వెళ్ళాడు. పాపం అతనేమీ అనలేదు. అన్నది నా వెనక సీటులో పెద్దమనిషి. నాతో కాదు, పక్కాయనతో. కానీ నాకు వినపడేటట్టే అన్నాడు. "సూసిన్రా! గిట్ల పనీపాటా లేని ఆడోళ్ళంత ఫ్రీ అని బస్సులెక్కి తిరిగితే, పనున్నోళ్ళు యాడ కూసోవాలె?"

ఆయనకు సీటుంది. కాళ్ళు బార్లా చాపుకునే కూర్చున్నాడు. ఆ సంగతి అట్లా ఉంచండి. జవాబులు నాకెప్పుడూ బస్సు దిగాకే తడతాయి. ఆ రోజూ అంతే. ఆ పెద్దమనిషి ఎక్కడ దిగిపోయాడో గమనించలేదు గానీ, ఆయన మాట మటుకు నాతోపాటే ఇంటికొచ్చింది. అందుకని జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను. ఆయన చదవకపోయినా ఆయన ఇంట్లో ఆడవాళ్ళెవరైనా చదువుతారు గదా!

మన తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు. తమిళనాడు 2021లోనే టౌను బస్సుల్లో ఈ పని చేసింది. కర్ణాటక 2023 జూన్‌లో "శక్తి" అని పేరు పెట్టి ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న "స్త్రీ శక్తి" అంటూ మొదలుపెట్టింది. మన దగ్గర రాష్ట్రం పొలిమేర దాటనంతవరకు ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. చేతిలో ఆధార్ కార్డుంటే చాలు. కార్డులో ఊరు చూస్తారు గానీ, పనేమిటని చూడరు. "పని మీద వెళ్ళే ఆడవాళ్ళకు మాత్రమే" అన్న షరతు ఎక్కడా లేదు. ఆ షరతు పెట్టింది వెనక సీటు పెద్దమనిషే.

రద్దీ సంగతి నేను కాదనను. కాలేజీ పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడటం, కూలికిపోయే ఆడవాళ్ళు ఒంటికాలి మీద నిలబడటం నా కళ్ళతో చూశాను. అందుకే ఆ గుంపంతా వెళ్ళిపోయాక పదింటికో పదిన్నరకో ఎక్కుతాను. అంతమాత్రం ఇంగితం నాకూ ఉంది. కానీ బస్సులు చాలకపోతే బస్సులు పెంచమని అడగాలి గాని, ఎక్కినవాళ్ళలో ఎవరి పని పనో, ఎవరి పని పనికాదో తేల్చే పెత్తనం తోటి ప్రయాణీకుడికి ఎవరిచ్చారు?

అసలు ఈ లెక్క మగవాళ్ళకు ఎవరైనా వేశారా? ఏ ఊరికైనా వెళ్ళండి. పొద్దున ఏడింటికి హోటలు ముందు బల్ల మీద కూర్చున్న నలుగురు పది దాటినా అక్కడే ఉంటారు. ఒకే పేపరును నాలుగు ముక్కలు చేసి చదువుతారు. మధ్యాహ్నం రచ్చకట్ట, సాయంత్రం మళ్ళీ హోటలు. మధ్యలో బండి తీసి "గిట్లనే అట్ల పోయొస్త" అంటారు. ఆ "అట్ల" ఎక్కడో ఎవరూ అడగరు. అడిగితే అది మర్యాద కాదు కూడాను! అదే మనం చెప్పుల్లో కాలు పెట్టామా, ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తావు అని నాలుగు ప్రశ్నలు. నాలుగింటికీ జవాబులున్నా, "ఇప్పుడే అవసరమా?" అని అయిదోది.

భాష చూస్తేనే తెలుస్తుంది. మగవాడు తిరిగితే లోకజ్ఞానం. మరీ తిరిగితే దేశద్రిమ్మరి అంటారు. ఆ తిట్టులో కూడా కొంచెం ముచ్చట ఉంటుంది. ఆడది తిరిగితే ఒకటే మాట, అది ఇక్కడ రాయక్కర్లేదు, మీకు తెలుసు. తిరిగి ఆడది చెడిందట, తిరక్క మగవాడు చెడ్డాడట! ఈ సామెత పుట్టించినవాడెవడో గానీ, వాడు తిరుగుతున్నంతసేపూ ఇంట్లో అన్నం వండి పెట్టిందెవరో మటుకు చెప్పలేదు.

ఒక్కసారి మీ ప్రయాణాలన్నీ లెక్క వేసుకోండి. పురుటికి పుట్టింటికి. బారసాలకు తిరిగి. పెళ్ళిళ్ళకు, దినాలకు. పిల్లలకు జ్వరమొస్తే దవాఖానాకు, అత్తగారికి కళ్ళు మసకబారితే ఆపరేషనుకు. మొక్కు తీర్చటానికి యాదగిరిగుట్టకో, మన్నెంకొండకో, కురుమూర్తి జాతరకో. అన్నిటికీ ఒక పనుంది. ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా, ఊరికే కళ్ళున్నందుకు చూడటానికి వెళ్ళింది ఎన్నిసార్లు? నాకు ఒక చేతి వేళ్ళు కూడా నిండలేదు. మా అమ్మకయితే ఒక్క వేలు.

మా అమ్మది జడ్చర్ల దగ్గర పల్లె. మహబూబ్‌నగర్ ఆమెకు కొట్టినపిండి. బట్టల కొట్లు తెలుసు, దవాఖానా తెలుసు, భూమి తగాదాలో మా నాయన వెంట తిరిగి తిరిగి కచేరీ మెట్లు కూడా తెలుసు. కానీ ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పిల్లలమర్రి చూడలేదు. ఏడు వందల ఏళ్ళదని చెప్పుకునే చెట్టు. ఊడలే మానులై మూడెకరాల దాకా పాకింది. మొదలేదో కనుక్కోవటం కూడా కష్టం. "చూద్దాం పదవే" అని ఎప్పుడన్నా, "మర్రిచెట్టు కాడ నాకేం పని బిడ్డా?" అనేది. నవ్వుతూనే అనేది. యాభై ఏళ్ళపాటు అదే మాట.

చివరికి 2018లో పట్టుబట్టి తీసుకెళ్ళాను. అప్పటికి కొమ్మ విరిగి పడిందని, చెట్టుకు చెదలు పట్టిందని లోపలికి రానివ్వటం ఆపేశారు. కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందెక్కిస్తున్న రోజులవి. గేటు బయట నిలబడి కనిపించినంత చూసింది. అంతకు రెండు నెలల ముందే ఆమె కూడా దవాఖానాలో సెలైన్ కింద పడుకుని వచ్చింది. కాసేపటికి, "చెట్టుక్కూడా ఎక్కిస్తున్నరా! పాపం, దీనిది కూడ నా ఈడే" అంది. తిరిగి వస్తూ బస్సులో, "ఇంత పెద్దగుంటదని ఎవ్వలూ చెప్పలేదు బిడ్డా" అని రెండుసార్లు అంది. మరుసటి సంవత్సరం పోయింది.

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకని హైదరాబాదు వచ్చిన అమ్మాయిలను బస్సుల్లో తెచ్చి పిల్లలమర్రి చూపించారు. చెట్టు కింద వాళ్ళ ఫొటోలు పేపర్లో చూశాను. చక్కని పిల్లలు, చూడనీ, మంచిదే. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చినవాళ్ళకు కుదిరింది. పక్క ఊరి మనిషికి కుదరలేదు. కారణం డబ్బు కాదు, దూరమూ కాదు. "నాకేం పని" అన్న ఆ ఒక్క మాట. ఆ మాట ఆమెది కాదు. ఎవరో చిన్నప్పుడే నోట్లో పెట్టారు. నా కోపమంతా అందుకే.

మన ఆడవాళ్ళకు తిరగాలన్న కోరిక లేక కాదు. వంక లేక. బతుకమ్మ రోజులు గుర్తు తెచ్చుకోండి. తంగేడు పూలకని, గునుగు పూలకని తెల్లవారుజామునే గుట్టల వెంట పోయేవాళ్ళం. అరగంటలో కోసుకురాగల పూలకు మూడు గంటలు పట్టేది. ఎవరి చేనులో సీతాఫలాలు కళ్ళు విచ్చాయో, ఏ బండ మీద నిలబడితే చెరువు కనబడుతుందో, ఏ వాగులో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయో అన్నీ ఆ మూడు గంటల్లోనే తెలిశాయి. పూలు వంక, తిరగటం అసలు. ఇప్పుడు తంగేడు కూడా బజార్లో కట్టలుగా అమ్ముతున్నారు. పని సులువైంది, వంక పోయింది.

ఈ వంకల బాధ మనకొక్కరికే అనుకోకండి. ఇంగ్లండులో వర్జీనియా వూల్ఫ్ అనే రచయిత్రి 1927లో ఒక వ్యాసం రాసింది. చలికాలం సాయంత్రం లండను వీధుల్లో తిరగాలని మనసైంది. ఊరికే వెళ్ళటానికి లేదు. అందుకని పెన్సిలు కొనాలన్న వంక పెట్టుకుని బయల్దేరుతుంది. ఆమె పెన్సిలు, మన కరివేపాకు! అంత పేరున్న రచయిత్రికే వంక కావలసి వచ్చిందంటే ఇక మన సంగతి చెప్పాలా?

పోనీ, ఇప్పుడు కాలం మారింది, అందరూ టూర్లు వెళుతున్నారు గదా అంటారు. వెళుతున్నారు. అదీ చూశాను. ఒక రోజులో ఆరు "పాయింట్లు". ఒక్కొక్క పాయింటుకు నలభై నిమిషాలు. దిగు, ఫొటో తీయి, ఎక్కు. ఎక్కడ తినాలో ఫోను చెబుతుంది, ఎటు తిరగాలో ఫోను చెబుతుంది, బాగుందో లేదో చుక్కలు చూసి తెలుసుకుంటాం. ఇంటికొచ్చి "అన్నీ చూసేశాం" అంటాం. ఇంట్లో చేసే చాకిరీనే చక్రాల మీద పెట్టి ఊరు దాటించినట్టుంది గాని, ఇందులో తీరిక ఎక్కడుంది? ఆఖరికి నడక కూడా చాకిరీ అయింది. చేతి గడియారం పదివేల అడుగులు పూర్తి కాలేదని రాత్రి తొమ్మిదింటికి గుర్తు చేస్తే, వరండాలో గానుగెద్దు మాదిరి తిరిగే స్నేహితురాళ్ళు నాకున్నారు. ఆ పదివేల లెక్క ఎక్కడిదనుకున్నారు? 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మటానికి దానికి "పదివేల అడుగుల మీటరు" అని పేరు పెట్టింది. ముందు పేరు పెట్టారు, తర్వాత అది నియమమై కూర్చుంది. నడక మంచిదే, కాదనను. కానీ లెక్కపెట్టే యంత్రం పక్కన తంగేడు పూచినా కనపడకపోతే ఆ నడక ఎందుకు?

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలం నాటిది. మూడు గర్భగుళ్ళ గుడి. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలబడి ఉంటుంది. మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే పగటి వెలుతురు అట్లా కుదిరేటట్టు కట్టారు ఆ మహానుభావులు. చాలామంది వచ్చి, నీడను ఫొటో తీసుకుని, పది నిమిషాల్లో వెళ్ళిపోతారు. నాకు నవ్వొస్తుంది. ఏ గోడ మీదైనా నీడ పది నిమిషాలు కదలకుండానే ఉంటుంది గదా! అక్కడి వింత నీడ కాదు, అది జరగకపోవటం. అది తెలియాలంటే కూర్చోవాలి. గంట కూర్చోవాలి, రెండు గంటలు కూర్చోవాలి. బయట చెట్టు నీడ జరిగిపోతుంటే లోపలి నీడ అట్లాగే ఉండటం చూడాలి. పని ఉన్నవాళ్ళకు ఆ గుడి కనపడదు.

ప్రణాళిక లేకుండా ఏమవుతుందండీ అనేవాళ్ళకు అప్పటి మా నల్లగొండ జిల్లాలోనే జరిగిన ఇంకో సంగతి ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే తెలంగాణ పల్లెల్లో కాలినడకన తిరుగుతూ పోచంపల్లి వచ్చాడు. ఆ ఉదయం ఆయన దగ్గర భూదానం అన్న పథకమేదీ లేదు. ఊళ్ళో దళితులు ఎనభై ఎకరాలుంటే బతుకుతామన్నారు. ఆయన ఊరివాళ్ళను అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అట్లా పుట్టింది. ఆ తర్వాత వినోబా పదమూడేళ్ళ పాటు దేశమంతా నడిచాడు. తమాషా ఏమిటంటే, ఢిల్లీలో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైందీ ఆ ఏప్రిల్ లోనే! ప్రణాళికలు వద్దని నేననటం లేదు. డ్యాములకు కావాలి, ఇంటి ఖర్చుకు కావాలి. కానీ ఎదురుపడ్డ మనిషి చెప్పింది వినటానికి ఆగే తీరిక కూడా కావాలంటున్నాను.

ఇక అసలైన ఆక్షేపణ ఒకటుంది. దాన్ని తప్పించుకోను. "కడుపు నిండినవాళ్ళ కబుర్లు ఇవి. పాలమూరు మనిషికి తిరగటం సరదానా?" అని అడగొచ్చు. నిజమే. కరువు తరిమితే తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని వెళ్ళినవాళ్ళు మా పక్కవాళ్ళు. పాలమూరు లేబరు చెయ్యి పడని పెద్ద ప్రాజెక్టు ఈ దేశంలో తక్కువ. నాగార్జునసాగరం రాళ్ళలో, శ్రీశైలం గోడల్లో వాళ్ళ చెమట ఉంది. వాళ్ళకు తిరుగుడు విధి.

ఆ రోజు దేవరకొండలో దిగి, కోటను కింది నుంచే కాసేపు చూసి, బస్టాండులో మిరపకాయ బజ్జీ తిని కల్వకుర్తి బస్సెక్కాను. నా పక్కన ఒకామె కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. అరచేతులు రాయిలాగున్నాయి. మాటల్లో తెలిసింది, పన్నెండో ఏట నుంచీ తట్ట మోసిందట. "అబ్బో, అక్కా, చాలా ఊళ్ళు చూసుంటావు" అన్నాను తెలివితక్కువగా.

ఆమె నా వైపు చూసి, "బొంబాయి కట్టిన, పూనా కట్టిన. హైద్రబాదుల ఎన్ని మేడలు కట్టిన్నో లెక్కనే లేదు. మస్తు ఊర్లు కట్టినమమ్మా. ఏ ఊరూ సూడలె" అంది.

కాసేపు నాకు నోట మాట రాలేదు. తర్వాత, "ఇప్పుడెక్కడికి?" అన్నాను.

"ఏం లేదు, మా చెల్లె తానకు. పని లేదు, సావు లేదు, పెండ్లి లేదు. ఉత్తగనే పోతున్న" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బత్తాయి తోటలు, తాటిచెట్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ళు వెనక్కి పోతున్నాయి. ఆమె ప్రతి ఒక్కదాన్నీ తల తిప్పి మరీ చూసింది.

ఆక్షేపణకు జవాబు ఆమే. తరిమితే పోవటం వేరు, తిరగటం వేరు. బతుకంతా పని కోసమే నడిచిన కాళ్ళకు పని లేని ఒక్క రోజు నడక అందరికంటే ముందు దక్కాలి. ఉత్తగ తిరగటం గొప్పింటివాళ్ళ సరదాగా మిగిలిపోవటం తప్పు. ఆ తప్పు సరిదిద్దటానికి మన జిల్లాల్లో దొరికిన మొదటి మందు ఆ జీరో టికెట్టు. వెనక సీటు పెద్దమనిషి "పనీపాటా లేనివాళ్ళు" అన్నది ఆమెను కూడా!

భయం సంగతేమిటంటారా? భయం ఉంది. లేదనటానికి నేను వెర్రిదాన్ని కాను. చివరి బస్సు ఎన్నింటికో ముందు కనుక్కుంటాను. ప్రణాళిక లేని నా ప్రయాణంలో ప్రణాళిక అదొక్కటే. చీకటి పడకముందే ఇంటి దారి పడతాను. కానీ ఒక మాట. 2011లో ముంబయికి చెందిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే అనే ముగ్గురు "వై లాయిటర్?" అని ఒక పుస్తకం రాశారు. ఆడవాళ్ళు పని లేకుండా వీధిలో నిలబడే హక్కు గురించే పుస్తకమంతా. నాకర్థమైనంతలో సంగతి చిన్నదే. ఆడవాళ్ళు లేని చోటు ఆడవాళ్ళకు భయం. ఇద్దరుంటే మూడోది వస్తుంది. పదిమంది కూర్చున్న పార్కులో పదకొండో ఆమెను ఎవరూ వింతగా చూడరు. భయం పోయాక తిరుగుదామని కూర్చుంటే అది పోదు. తిరుగుతూ ఉంటేనే కొంచెం కొంచెంగా పోతుంది.

ఇల్లెవరు చూస్తారు అనేది ఆఖరి ప్రశ్న. ఆ రోజు మా వారు పొద్దుటి అన్నంలో మామిడికాయ తొక్కు, పెరుగు వేసుకుని తిన్నారు. ఏమీ కాలేదు. నెలకు ఒక పూట తొక్కన్నం తిన్నందుకు మగవాళ్ళకు జబ్బు చేసినట్టు నేనెక్కడా వినలేదు. సాయంత్రం నేను రాగానే, "ఏం పనైంది?" అన్నారు. "ఏమీ కాలేదు" అన్నాను. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆ మాట అంత సంతోషంగా చెప్పటం అదే మొదటిసారి.

కాబట్టి అమ్మా, నెలకొక్క పూట. పిల్లలు బడికి వెళ్ళాక, గుంపు తగ్గాక. మీ ఊరి బస్టాండులో ముందు కనిపించిన పల్లెవెలుగు ఎక్కండి. పేరు బాగుందనిపించిన ఊళ్ళో దిగండి. చెట్టు కింద కూర్చోండి. టీ తాగండి. పక్కన కూర్చున్నామెను పలకరించండి. పాయింట్లు వద్దు, అడుగుల లెక్క వద్దు. మా అమ్మకు యాభై ఏళ్ళు పట్టినదానికి మీరు యాభై ఏళ్ళు తీసుకోకండి.

కండక్టరు "యాడికమ్మా?" అంటే బోర్డు మీదున్న ఊరి పేరు చెప్పండి, అది అతని ఉద్యోగం. వెనక సీటులోంచి ఎవరైనా "ఏం పని?" అంటే మటుకు వెనక్కి తిరిగి, మర్యాదగానే, అందరికీ వినపడేటట్టు, "ఉత్తగనే" అనండి. ఆ రోజు నాకు తట్టని జవాబు అదే.